కొవ్వొత్తి ఆర్పితే వింటా

ఆ మేడ మీద మాట్లాడటం నేర్పుతారు. వార్తలు చదవాలని ఆశపడేవాళ్ళు, బొమ్మల సినిమాలకి గొంతు ఇచ్చేవాళ్ళు, మైకు చూస్తే కాళ్ళు వణికే చిన్నా చితకా అధికారులు, అందరూ ఆ ఇరుకు మెట్లెక్కే వస్తారు. నేర్పేది కంచుకంఠం. ఎప్పుడో ఏదో సభలో ఎవరో మొహమాటానికి అన్న మాట అది. ఈయన దాన్ని పట్టుకుని వదల్లేదు. విజిటింగ్ కార్డు మీద అదే, గుమ్మం పక్కన బోర్డు మీద అదే. మనిషి పిడికెడు, గొంతు మాత్రం గదంతా ఉంటుంది. ఆ గొంతు తనకి ఊరికే వచ్చిందని ఆయనకెప్పుడూ తోచలేదు, పక్కవాళ్ళకి లేకపోవడం మాత్రం వాళ్ళ తప్పేనని గట్టి నమ్మకం.

పాఠం ఒక కొవ్వొత్తితో మొదలవుతుంది. దాన్ని వెలిగించి శిష్యుల మూతి ముందు పెడతాడు. 'బ' అంటే మంట కదిలీ కదలనట్టు ఉండాలి. 'ప' అంటే తల ఊపాలి. 'ఫ' అంటే ఆరిపోవాలి. ఆ తర్వాత అరచెయ్యి మెడ మీద పెట్టుకోమంటాడు. 'గ' అన్నప్పుడు లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు చేతికి తెలియాలి, 'క' అన్నప్పుడు ఏమీ తెలియకూడదు. క చ ట త ప లకి ఉత్త ఊపిరి చాలు, గ జ డ ద బ లకి గొంతు మోగాలి. చిన్నప్పుడు బళ్ళో పరుషాలు, సరళాలు అని వల్లె వేశామే, అవే. పెద్ద పుస్తకాల్లో శ్వాసాలు, నాదాలు అంటారు.

వాటిలో కూడా ఈయనకి ఎక్కువ తక్కువలున్నాయి. నాదాలంటే ప్రేమ. శ్వాసాలంటే ఏవగింపు.

"క చ ట త ప లు అక్షరాలు కావర్రా, చప్పుళ్ళు," అనేవాడు. "తలుపు కొట్టుకున్నా వస్తాయి, గిన్నె కింద పడినా వస్తాయి. గొంతు మోగితేనే మాట."

ఆ పొద్దున కూడా అదే పాఠం. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది. వచ్చిన మొదటి రోజే ఆమెకి 'తడబాటు' అని పేరు పెట్టాడు కంచుకంఠం. ఎవరినీ వాళ్ళ పేర్లతో పిలిచే అలవాటు ఆయనకి లేదు.

"ఖ అనమ్మా."

"క."

"నేనడిగింది ఖ. ఊపిరి కూడా పొదుపేనా మీ ఇంట్లో?"

అందరూ నవ్వారు. తడబాటు కూడా నవ్వింది. నవ్వకపోతే రేపు ఇంకో పేరు వస్తుందని ఆమెకి తెలుసు. పైగా ఆయన ఎదుటివాళ్ళని ఎలా చులకన చేస్తాడో ఆమె శ్రద్ధగా గమనిస్తోంది. మిగతా పాఠం ఎంత ఒంటబట్టిందో తెలియదు గానీ, ఆ పాఠం మాత్రం బాగా ఒంటబట్టింది.

పాఠం త్వరగా ముగించాడు. ఆ మధ్యాహ్నమే పెద్ద రికార్డింగ్ ఉంది. నగరంలో కొత్తగా నడవబోయే రైళ్ళకి ప్రకటనలు. తలుపులు మూసుకుంటున్నాయి, తర్వాతి స్టేషన్ ఫలానా, దయచేసి గీత దాటి నిలబడకండి, ఇవన్నీ ఇకమీదట ఒకే గొంతు చెప్పాలి. ఆ గొంతు తనదే కావాలని కంచుకంఠం ఎన్ని గుమ్మాలు తొక్కాడో, ఎంతమంది ముందు ఇకిలించాడో లెక్కలేదు. తనకంటే బాగా చదివే ఇద్దరి మీద చాడీలు కూడా చెప్పాడు. చివరికి దొరికింది.

"నేను పోయినా నా గొంతు పోదు," అన్నాడు శిష్యులతో, చొక్కా కాలరు సర్దుకుంటూ. "ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ప్రతివాడూ నా మాట వినాల్సిందే. వినక ఏం చేస్తాడు?"

వినడం గురించి ఆ మనిషే మాట్లాడాలి మరి!

ఆ మేడ మీద వెనక గది ఒకటుంది. అందులో వాళ్ళ అక్క ఉండేది. తమ్ముడికి మాట నేర్పిందే ఆవిడ. చిన్నప్పుడు వాడి మూతి ముందు సన్నటి కాగితం ముక్క వేలాడదీసి, "ప అను, ఊగాలి. బ అను, ఊరుకోవాలి," అని విసుక్కోకుండా ఆడించేది. ఈ కొవ్వొత్తి పాఠం ఆ కాగితం పాఠమే. ఆ సంగతి కంచుకంఠం ఎవరికీ చెప్పలేదు, పైగా తనే కనిపెట్టానన్నాడు. ఆవిడ ఊరుకుంది. తమ్ముడు కదా అనుకుంది, పిచ్చి తల్లి.

తర్వాత ఆవిడ గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇక ఊపిరి ముక్కులోంచి, నోట్లోంచి రాదు. మెడ కింద, కాలరెముకల మధ్య ఒక రంధ్రం పెట్టారు, రావడం పోవడం అంతా అందులోంచే. దుమ్ము పడకుండా దానిమీద తెల్లటి నూలుగుడ్డ కట్టుకునేది. ఆ గుడ్డ ఎప్పుడూ కాస్త తడిగా ఉండేది, మందు నీళ్ళ వాసన వేసేది. ఊపిరి నోటిదాకా రాని మనిషికి మాటెక్కడిది? నోట్లో మిగిలిన గుక్కెడు గాలితో క, ట, ప లాంటివి నాలుగు పొడి చప్పుళ్ళు చేయగలిగేది, అంతే. ప్రాణం పెట్టి నేర్చుకుంటే వాటితోనే చాలా చెప్పొచ్చు. ఆవిడ నేర్చుకుంది. వినేవాడుండొద్దూ?

"బల్లిలా ఏంటక్కా ఆ టకటకలు? శిష్యులున్నప్పుడు బయటికి రాకు," అనేవాడు. రాసి చూపిస్తే కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అనేవాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉండేది.

ఒకరోజు పాఠం నడుస్తుండగా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. శ్వాసాలు మాటలు కావని తమ్ముడు వాగుతుంటే విని ఉండలేకపోయింది. నాదమంటే గొంతులో వణికిన ఊపిరే కదరా, ఊపిరి లేకుండా మోగేది ఏముంది అని చిన్నప్పుడే చెప్పింది వాడికి. అదే మళ్ళీ చెప్పబోయింది. టక్, ప్, టక్.

కంచుకంఠం కొవ్వొత్తి పట్టుకుని ఆవిడ మొహం ముందుకి వెళ్ళాడు.

"ఏదో అంటున్నావు గానీ అక్కా, ముందు ఇది ఆర్పు. ఆర్పితే వింటా. కూర్చుని మొత్తం వింటా."

ఆవిడ ప్రయత్నించింది. అదే బాధ. వెటకారమని తెలిసి కూడా ప్రయత్నించింది. బుగ్గలు పూరించి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. మంట చీమంత కదిలింది. కింద మెడ దగ్గర మాత్రం నూలుగుడ్డ పొంగుతోంది, అణుగుతోంది. కొవ్వొత్తిని జానెడు కిందికి దించితే ఒక్క ఊపుకి ఆరిపోయేది. దించలేదు. శిష్యులు నవ్వారు. తడబాటు అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. పోయింది అనడం చాలా మర్యాదైన మాట. కంచుకంఠం ఆ మేడ మీదే ఉన్న రికార్డింగ్ గదిలో ఉన్నాడు, తలుపు లోపల గడియ వేసుకుని. మిషన్ దగ్గర కూర్చునే ఆమె భోజనానికి వెళ్ళింది, ఈయన ఒక్కడే సాధన చేసుకుంటున్నాడు. ఆవిడ మెడలోని రంధ్రానికి కఫం గడ్డకట్టి అడ్డం పడింది. తన వేలికి అందలేదు, ఇంకెవరైనా వేలు పెట్టి లాగేస్తే పోయేది. ఆవిడ గాజు గోడ దగ్గరికి వచ్చింది. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి నోటితో ఒక్క మాటే, మళ్ళీ మళ్ళీ. తలుపు తీయ్. తలుపు తీయ్.

కంచుకంఠం చూశాడు. చూసి, వేలు పెదవుల మీద పెట్టి 'ష్' అన్నాడు. కాగితం తిప్పి, వీపు అటు పెట్టి, పేజీ పూర్తి చేశాడు.

నాకు కనబడలేదు, నా కళ్ళు కాగితం మీదున్నాయి అని అందరికీ చెప్పాడు. ఆ గొంతుతో చెబితే ఎవరు నమ్మరు? అందరూ నమ్మారు. థూ.

సరే, ఆ మధ్యాహ్నానికి వద్దాం. బయట ఎండ పెళపెళలాడుతోంది. కింద వీధిలో బస్సులు, స్కూటర్లు, ఎవడో ఇనుప షట్టరు ఎత్తుతున్న మోత. రికార్డింగ్ గదిలోకి మాత్రం అవేవీ రావు. గోడల నిండా బూడిదరంగు స్పాంజి, అరచెయ్యి మందాన తలుపు. ఆ గదిలో కాసేపు ఊరికే కూర్చుంటే మన గుండె మనకే వినబడుతుంది. గాజు గోడకి అవతల మిషన్ ముందు మీటరమ్మ కూర్చుంది. మీటర్లో ముల్లు చూస్తూ ఉంటుందని ఆమెకి ఆ పేరు పెట్టిందీ ఈయనే.

"మధ్యలో ఆపకు," అన్నాడు కంచుకంఠం, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుంటూ. "నేను చదువుతున్నంతసేపు తుమ్మొచ్చినా మింగెయ్. అర్థమైందా?"

"అలాగే సార్," అంది మీటరమ్మ. ఇలాంటివి ఆమెకి అలవాటే.

గడియ వేశాడు. ఫ్యాను కట్టేశాడు. కాగితాల మీద పడే చిన్న దీపం తప్ప మిగతావి ఆర్పేశాడు, చీకట్లో చదివితే గొంతు నిండుగా వస్తుందని ఆయన నమ్మకం. కొవ్వొత్తి వెలిగించి మైకు పక్కన పెట్టాడు. రికార్డింగ్‌కి ముందు ఆయన చేసే తంతు ఇదే. 'ప' అని, మంట ఎంత ఊగిందో చూసి మైకుకి దూరం సర్దుకుంటాడు. లేకపోతే 'ప' అన్న ప్రతిసారీ ఊపిరి మైకుని కొట్టి బుస్సుమంటుంది. సర్దుకున్నాక 'ఫ' అని దాన్ని ఆర్పేస్తాడు. అవతల ఎవరైనా చూస్తుంటే కాస్త తల ఎగరేసి మరీ ఆర్పుతాడు.

"ప."

మంట ఊగలేదు.

దగ్గరికి జరిగాడు. "ప. ప."

నిటారుగా వెలుగుతూనే ఉంది.

"ఫ!"

కదల్లేదు. పెదవులకి వేడి తగులుతోంది, అంత దగ్గరగా ఉన్నాడు. వెధవ కొవ్వొత్తి, అని గొణుక్కున్నాడు.

"ఏమైంది సార్?" హెడ్‌ఫోన్లో మీటరమ్మ.

"నీకెందుకు? రికార్డింగ్ మొదలెట్టు."

తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. కంచుకంఠం కాగితం అందుకున్నాడు. నోరు ఇంకా తెరవలేదు. అప్పుడు మంట కదిలింది.

తన వైపుకి వంగింది. అవతలి నుంచి ఎవరో ఊదినట్టు... కొంచెంగా. నిలబడింది. మళ్ళీ వంగింది, ఈసారి బాగా. నిలబడింది. మళ్ళీ కొంచెంగా.

ఫ్యాను లేదు. కిటికీ లేదు. ఆ గదిలో ఆకు కదలడానికి కూడా గాలి లేదు.

మళ్ళీ. కొంచెం... ఎక్కువ... కొంచెం.

మంట చూసి అక్షరం చెప్పడం ఆయన వృత్తి. త. పు. తీ. మధ్యలో 'లు' ఉందనుకోండి, దానికి మంట ఊగదు. అక్కర్లేదు కూడా. ఆ మాట ఆయన ఒకసారి అద్దంలోంచి చూసే ఉన్నాడు.

ముక్కుకి ఏదో తగిలింది. మైనం వాసన కాదు. మందు నీళ్ళ వాసన... తడి నూలుగుడ్డ వాసన.

"అక్కా?" అన్నాడు, గుసగుసగా.

మంట కిందికంటా వంగి లేచింది.

ఇంకొకడైతే అప్పుడే కాళ్ళ మీద పడేవాడు. ఏడ్చేవాడు. కనీసం తలుపు తీసుకుని పరిగెత్తేవాడు. ఈయన కంచుకంఠం కదా! ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి, అయినా పెదవి మీద ఆ పాత వెటకారం అలాగే ఉంది. చచ్చినదాని మీద కూడా తనదే పైచెయ్యి కావాలి.

"ఏదో అంటున్నావు," అన్నాడు. "ఆర్పితే వింటానన్నాగా. ఏదీ... ఆర్పు చూద్దాం."

కొవ్వొత్తి ఆరిపోయింది.

దాంతోపాటు కాగితాల మీది దీపం కూడా. చీకటి. తలుపు మీద ఎర్రచుక్క ఒక్కటే. గాజుకి అవతల మీటరమ్మ గది వెలుతుర్లోనే ఉంది, ఆమె తల వంచుకుని మీటరు చూసుకుంటోంది.

అప్పుడు హెడ్‌ఫోన్లో మొదలైంది.

'ప్రయాణికులకు విజ్ఞప్తి. తలుపులు మూసుకుంటున్నాయి.'

తన గొంతే. నిండుగా, గంటలా, ఎప్పటికంటే బాగా. కంచుకంఠం నోరు మూసుకునే ఉన్నాడు. పెదవులు తడుముకుని చూసుకున్నాడు. మూసే ఉన్నాయి. గొంతు చదువుకుపోతోంది. అరచెయ్యి మెడ మీద పెట్టుకున్నాడు. లోపల తేనెటీగ లేదు. అరిచాడు... చేతికి ఏమీ తెలియలేదు. చెవికి ఏమీ వినబడలేదు.

ఊపిరి పీల్చాడు. ముక్కులోకి గాలి రాలేదు. నోట్లోకి రాలేదు. కాలరెముకల మధ్య మాత్రం చల్లగా తగిలింది. అక్కడేదో తడి గుడ్డ అతుక్కుంది. అతుక్కుని లోపలికి పోతోంది. పీల్చినకొద్దీ... లోపలికి.

తలుపు దగ్గరికి పాకాడు. గడియ తిరగలేదు. తన చేత్తో వేసిన గడియ. రెండు చేతులతో పట్టినా తిరగలేదు. గాజు గోడకి వెళ్ళి అరచేతులు ఆనించాడు. మీటరమ్మ తలెత్తింది. చీకట్లో ఆమెకి కనబడిందల్లా అద్దం మీద రెండు అరచేతులు. చేతులు ఊపుతూ చదవడం ఈయనకి మామూలే. ఆమె చెవుల్లో ఆ గొంతు అద్భుతంగా, ఒక్క తడబాటు లేకుండా సాగుతోంది. ఎక్కడ అద్దం తట్టి ఇంత మంచి రికార్డింగ్ పాడు చేస్తాడో అని ఆమెకి భయమేసింది.

కంచుకంఠం నోరు తెరిచాడు. త్... ప్... త్... అంతే వచ్చింది. బల్లిలా.

మీటరమ్మ నవ్వుతూ వేలు పెదవుల మీద పెట్టుకుని 'ష్' అంది.

వింటానన్నాడు కదా. హెడ్‌ఫోన్ చెవుల మీదే ఉంది, తీసేసే ఓపిక లేదు. గోడకి ఆనుకుని జారిపోతూ ప్రతి స్టేషన్ పేరూ, ప్రతి విజ్ఞప్తీ, చివరి ధన్యవాదం దాకా విన్నాడు.

ఎర్రదీపం ఆరాక మీటరమ్మ బయటి నుంచి లాగితే, లోపల గడియే లేనట్టు తలుపు మామూలుగా వచ్చేసింది. ఆయన నేల మీద, మొహం నీలంగా. ఆస్పత్రికి మోసుకెళ్ళారు. బతికాడు. డాక్టర్లు లోపలికి కెమెరా పంపి చూశారు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయన్నారు. మెడ మీద గాయం లేదు, మచ్చ లేదు, నున్నగా ఉంది. గొంతు ఎందుకు రావడం లేదో మాత్రం ఒక్కరూ చెప్పలేకపోయారు. మనసుకి సంబంధించింది అని చేతులు దులుపుకున్నారు.

రికార్డింగ్ విని రైళ్ళవాళ్ళు ఎగిరి గంతేశారు. పంపించే ముందు మీటరమ్మ ఎప్పట్లాగే వాక్యాల మధ్య ఊపిరి చప్పుళ్ళు కత్తిరించడానికి కూర్చుంది. ఎంత గొప్ప గొంతైనా ఊపిరి పీల్చుకోక తప్పదు కదా, ఆ చప్పుళ్ళు తీసెయ్యడం ఆమె పనిలో భాగం. మొదటి నుంచి చివరిదాకా వింది. మళ్ళీ వింది. కత్తిరించడానికి ఏమీ లేదు. అంతసేపు చదివిన గొంతు ఒక్కచోట కూడా ఊపిరి తీసుకోలేదు. ఆమె ఆ నెలే వేరే ఉద్యోగం చూసుకుంది.

ఇప్పుడు ఆ మేడ మీద పాఠాలు చెప్పేది తడబాటు. బోర్డు మార్చారు, కొవ్వొత్తి మార్చలేదు. కంచుకంఠం వెనక గదిలో ఉంటాడు. కిటికీలోంచి రైలు వంతెన కనబడుతుంది, తలుపులు మూసుకుంటున్నాయని తన గొంతు రోజంతా వినబడుతుంది. కిటికీ మూసుకుంటాడు, అయినా వినబడుతుంది.

మొన్న పాఠం మధ్యలో గుమ్మంలోకి వచ్చాడు. శిష్యుల వైపు చూస్తూ, మెడ చూపిస్తూ, ఏదో చెప్పాలని. టక్. ప్. టక్.

"మాస్టారూ, శిష్యులున్నప్పుడు బయటికి రావద్దన్నానా?" అంది తడబాటు. అచ్చం ఆయన గొంతులోని విరుపే. కొవ్వొత్తి పట్టుకుని లేచింది. "సరే, ఏదో అంటున్నారుగా. ముందిది ఆర్పండి. ఆర్పితే వింటా."

శిష్యులు కిసుక్కుమన్నారు. కంచుకంఠం బుగ్గలు పూరించాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా ఊదాడు. మంట నిటారుగా నిలబడింది.

"ఇంతేనా మాస్టారూ?" అని తడబాటు నవ్వుతూ చెయ్యి దించింది. కొవ్వొత్తి ఆయన కాలరు దగ్గరికి వచ్చేసరికి పుటుక్కున ఆరిపోయింది.

నవ్వులు ఆగాయి. తడబాటు కొంచెం వంగి చూసింది. కాలరు గుండీ విప్పే ఉంది. కాలరెముకల మధ్య చర్మం నున్నగా ఉంది, చిన్న గీత కూడా లేదు. ఒత్తి చివర ఇంకా ఎర్రగా ఉంది, సన్నటి పొగ లేస్తోంది.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. పొగ పైకి పోలేదు. పక్కకి తిరిగి, ఆ నున్నటి మెడలోకి పోయింది.